క్రానిక్ మైగ్రేన్ చార్టుకు ఏ కోడ్? జి43.7, జి43.ఇ, జి43.9, జి44.4 మధ్య ఎంపిక

అమెరికా న్యూరాలజీ క్లినిక్‌ల నుంచి హైదరాబాద్ మెడికల్ కోడర్ల (చార్టులో రాసిన జబ్బును బీమా బిల్లు కోసం కోడ్‌గా మార్చేవాళ్ల) ముందుకొచ్చే మైగ్రేన్ చార్టులన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి. తలనొప్పి, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, ఏదో ఒక ట్రిప్టాన్ (మైగ్రేన్ నొప్పి తగ్గించే) మాత్ర, చివర డాక్టర్ నిర్ధారణ రాసే అసెస్‌మెంట్‌లో ఒక లైను. ఆ లైను పట్టుకుని అమెరికాలో వాడే జబ్బుల కోడ్ల జాబితా ఐసీడీ-10-సీఎంలో జి43 కింద ఉన్న నలభైకి పైగా కోడ్లలోంచి ఒకటి ఎంచుకోవాలి. టార్గెట్ ఒత్తిడిలో ఎక్కువగా జరిగేవి రెండు. అనుమానం వస్తే మైగ్రేన్ రకం చెప్పని జి43.909 వేసి ముందుకెళ్లిపోవడం ఒకటి. బోటాక్స్ అన్న మాట కనిపించగానే జి43.719 వేసేయడం రెండోది. మొదటిది బీమా క్లెయిమ్‌ను డినయల్ (తిరస్కరణ) వైపు నెడుతుంది, రెండోది ఆడిట్‌లో పట్టుబడుతుంది. కోడ్‌లోని ప్రతి అంకెకూ చార్టులో డాక్టర్ రాసిన మాట ఒకటి ఉండాలి. ఆ మాట లేనిచోట కోడర్ తన వైద్య పరిజ్ఞానంతో ఖాళీ పూరించకూడదు.

అంకె అంకెకూ అర్థం

జి43.709నే తీసుకోండి. చుక్క తర్వాతి 7 మైగ్రేన్ రకం, అంటే ఆరా (తలనొప్పికి ముందు వచ్చే మెరుపు గీతల్లాంటి తాత్కాలిక లక్షణాలు) లేని క్రానిక్ మైగ్రేన్. తర్వాతి 0 అంటే ఇంట్రాక్టబుల్ (మందులకు లొంగనిది) కాదని. అక్కడ 1 ఉంటే ఇంట్రాక్టబుల్. చివరి 9 అంటే స్టేటస్ మైగ్రెనోసస్ (72 గంటలు దాటి సాగే దాడి) లేదని, 1 అయితే ఉందని. అలా జి43.7 కింద నాలుగు కోడ్లు వస్తాయి: 701, 709, 711, 719. జి43.0, జి43.1, జి43.9, జి43.ఇ కింద కూడా ఇదే వరస. కాబట్టి పట్టిక బట్టీ పట్టనక్కర్లేదు. రకం ఏమిటి, మందులకు లొంగుతోందా, 72 గంటలు దాటి సాగిన దాడి ఉందా అన్న మూడు ప్రశ్నలకు చార్టులో జవాబులు వెతికితే చాలు.

ఈ మూడింట్లో రకాన్ని తేల్చడమే కష్టం. కోడర్లు తడబడేది ఎక్కువగా అక్కడే.

క్రానిక్ అని ఎవరు అనాలి?

అంతర్జాతీయ తలనొప్పి వర్గీకరణ మూడో కూర్పు 2018లో వచ్చింది. దాని ప్రకారం మూడు నెలలకు మించి నెలకు 15 లేదా అంతకన్నా ఎక్కువ రోజులు తలనొప్పి ఉండాలి, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలతో ఉండాలి. అప్పుడే అది క్రానిక్ మైగ్రేన్. అంతకన్నా తక్కువైతే ఎపిసోడిక్ అంటారు. కోడర్‌కు ఈ లెక్క తెలిసి ఉండటం మంచిదే, కానీ దీంతో నిర్ధారణ చేయడం కోడర్ పని కాదు. హెచ్‌పీఐలో (ప్రస్తుత జబ్బు చరిత్ర రాసే చోట) ‘నెలకు 20 రోజులు తలనొప్పి, ఆరు నెలలుగా’ అని ఉండి, అసెస్‌మెంట్‌లో ‘మైగ్రేన్ వితౌట్ ఆరా’ అని మాత్రమే ఉంటే జి43.7 వేయడానికి వీల్లేదు. ఉన్న మాటకు జి43.009 వస్తుంది. లెక్క క్రానిక్ వైపు చూపుతోందని అనిపిస్తే డాక్టర్‌కు క్వెరీ (రాతపూర్వక ప్రశ్న) పంపాలి.

దీనికి తిరగేసిన సందర్భమూ ఉంది. డాక్టర్ ‘క్రానిక్ మైగ్రేన్ వితౌట్ ఆరా’ అని స్పష్టంగా రాశారు, చార్టులో రోజుల లెక్క ఎక్కడా లేదు. ఐసీడీ-10-సీఎం గైడ్‌లైన్స్ మొదటి సెక్షన్‌లో ఏ.19 నిబంధన ప్రకారం, జబ్బు ఉందని ప్రొవైడర్ (చికిత్స చేసే డాక్టర్) రాసిన మాటే కోడ్‌కు చాలు. కోడర్ క్లినికల్ ప్రమాణాలు అడిగి కోడ్ ఆపకూడదు. అంటే జి43.709 వేయొచ్చు. అయితే కోడ్ సరైనదైనంత మాత్రాన క్లెయిమ్ పాసవుతుందని కాదు. పేయర్ (బీమా సంస్థ) మెడికల్ రికార్డులు అడిగినప్పుడు రోజుల లెక్క కనిపించకపోతే డబ్బు ఆగుతుంది. కోడ్ సరిగ్గా ఉండటం వేరు, చార్టు క్లెయిమ్‌ను నిలబెట్టడం వేరు. డినయల్ వచ్చాక తప్పు ఎవరిదో తేల్చుకోవడానికి ఈ తేడా తెలిసి ఉండాలి.

అసెస్‌మెంట్‌లో ‘క్రానిక్ డైలీ హెడేక్’ అని ఉంటే అది క్రానిక్ మైగ్రేన్ కాదు. పేర్లో క్రానిక్ ఉంది కదా అని జి43.7కు వెళ్లకండి. కోడ్ పుస్తకంలోని ఇండెక్స్ దాన్ని ఆర్51.9కి (మామూలు తలనొప్పి) పంపుతుంది. అలాగే క్రానిక్ టెన్షన్ తలనొప్పికి జి44.22 కింది కోడ్లు, ఫలానా రోజు మొదలై ఇక తగ్గకుండా ఉండిపోయిన న్యూ డైలీ పర్సిస్టెంట్ హెడేక్‌కు జి44.52 వేరుగా ఉన్నాయి. ‘ట్రాన్స్‌ఫార్మ్‌డ్ మైగ్రేన్’ అనే పాత పేరు కనిపిస్తే మాత్రం అది జి43.7 కిందికే వస్తుంది.

7 లేదా ఇ: ఆరా ఉందా, లేదా

2023 అక్టోబర్ 1 వరకు ఆరాతో కూడిన క్రానిక్ మైగ్రేన్‌కు సొంత కోడ్ లేదు. ఆ రోజు నుంచి జి43.ఇ అమల్లోకి వచ్చింది. అందులో ఇ01, ఇ09, ఇ11, ఇ19 ఉన్నాయి. ఇప్పుడు ఎంపిక సూటిగానే ఉంది. క్రానిక్ అయి ఆరా లేకపోతే 7, క్రానిక్ అయి ఆరా ఉంటే ఇ, క్రానిక్ కాకుండా ఆరా లేకపోతే 0, క్రానిక్ కాకుండా ఆరా ఉంటే 1. జి43.7, జి43.0 ఒకే విజిట్‌లో ఒకే మైగ్రేన్‌కు కలిపి వేయకూడదు. వాటి మధ్య ఎక్స్‌క్లూడ్స్1 (రెండూ కలవవు అని చెప్పే) నోట్ ఉంది. ‘క్రానిక్’ అనేది రకంలోనే ఇమిడి ఉంది కాబట్టి, క్రానిక్ కోడ్ పక్కన మామూలు మైగ్రేన్ కోడ్ పెట్టడం ఎలాగూ అర్థం లేనిదే.

ఆరా దగ్గర జరిగే పొరపాటు కూడా లక్షణాన్ని నిర్ధారణగా మార్చేయడమే. ‘తలనొప్పికి ముందు 20 నిమిషాలు మెరుపు గీతలు కనిపిస్తాయి’ అని హెచ్‌పీఐలో రాసి, అసెస్‌మెంట్‌లో ‘క్రానిక్ మైగ్రేన్’ అని వదిలేస్తే, చదివిన కోడర్‌కు అది ఆరాయే అనిపిస్తుంది. నిజంగానే ఆరా అయి ఉండొచ్చు, సాధారణంగా ఆరా 5 నుంచి 60 నిమిషాలు ఉంటుంది కూడా. అయినా డాక్టర్ ఆరా అనకుండా ఇ కోడ్ వేయకూడదు, అడగాలి. కంటి ముందు మసకగా ఉండటం, వెలుతురు పడకపోవడం మైగ్రేన్‌లో మామూలు లక్షణాలే, అవి ఆరా కావు.

జి43.5తో కూడా తికమక పడతారు. అది ‘పర్సిస్టెంట్ మైగ్రేన్ ఆరా’ కోడ్. ఇక్కడ పర్సిస్టెంట్ అంటే ఆగకుండా ఉండిపోయేది ఆరా, తలనొప్పి కాదు. ఆరా లక్షణాలు వారం, ఆపైన కూడా పోకుండా ఉండి, మెదడులో ఇన్‌ఫార్క్ట్ (రక్తం అందక దెబ్బతిన్న భాగం) లేనప్పుడు వాడే కోడ్ ఇది. ‘పర్సిస్టెంట్ మైగ్రేన్ విత్ ఆరా’ అని తొందరగా చదివితే ఇక్కడికే చేయి వెళుతుంది. ఇన్‌ఫార్క్ట్ ఉంటే జి43.6 వేస్తారు, దాని పక్కన ఐ63 నుంచి స్ట్రోక్ రకం కోడ్ కూడా రావాలి.

నెలసరి విషయంలోనూ ఇంతే. ‘పీరియడ్స్ సమయంలో ఎక్కువవుతుంది’ అన్న వాక్యం జి43.82కి, జి43.83కి దారి కాదు. డాక్టర్ ‘మెన్‌స్ట్రువల్ మైగ్రేన్’ అని నిర్ధారించాలి.

ఇంట్రాక్టబుల్: ఏ మాట సరిపోతుంది, ఏది సరిపోదు

కోడ్లను వరసగా ఇచ్చే టాబ్యులర్ లిస్ట్‌లో జి43 మొదట్లోనే ఒక నోట్ ఉంది. ఫార్మకోరెసిస్టెంట్, ట్రీట్‌మెంట్ రెసిస్టెంట్, రిఫ్రాక్టరీ, పూర్లీ కంట్రోల్డ్ అన్న మాటలను ఇంట్రాక్టబుల్‌తో సమానంగా తీసుకోవాలని అది చెబుతుంది. డాక్టర్ వీటిలో ఏది రాసినా ఐదో స్థానంలో 1 పడుతుంది.

ఆ జాబితాలో లేని మాటలే ఇబ్బంది పెడతాయి. ‘సివియర్’ తీవ్రతను చెబుతుంది, మందుకు లొంగడం గురించి చెప్పదు. ‘వర్సెనింగ్’ కూడా అంతే. ‘మూడు ప్రివెంటివ్ మందులు ఫెయిలయ్యాయి’ అన్న వాక్యం ఇంట్రాక్టబుల్‌ను గట్టిగా సూచిస్తుంది, కానీ అది చికిత్స చరిత్ర. అది క్వెరీకి ఆధారమవుతుంది, కోడ్‌కు కాదు. ‘అన్‌కంట్రోల్డ్’ అనే మాట ఆ నోట్‌లో లేదు. పూర్లీ కంట్రోల్డ్ అన్నా అదే కదా అని సర్దుకుపోయే ముందు మీ క్లయింట్ రాతపూర్వక విధానం ఏం చెబుతుందో చూడండి. అది లేకపోతే డాక్టర్‌నే అడగండి.

బోటాక్స్ ఇస్తున్నారంటే ఇంట్రాక్టబుల్ అయ్యే ఉంటుందన్న నమ్మకం చాలామందిలో పాతుకుపోయింది. బోటాక్స్‌కు క్రానిక్ మైగ్రేన్ అన్న నిర్ధారణ కావాలి, ఇంట్రాక్టబుల్ అయి తీరాలన్న షరతు ఆ మందు లేబుల్‌లో లేదు. జి43.709తో వెళ్లిన క్లెయిమ్ కూడా క్రానిక్ మైగ్రేన్ క్లెయిమే. లేని తీవ్రతను కోడ్‌లో చూపించడం వల్ల క్లెయిమ్‌కు దక్కేదేమీ లేదు. రోగి రికార్డులో మాత్రం తప్పు నిర్ధారణ శాశ్వతంగా నిలిచిపోతుంది, తర్వాత ఆ రికార్డు చూసే ప్రతి డాక్టరూ దాన్నే నమ్ముతారు.

స్టేటస్ మైగ్రెనోసస్ అంటే మనిషిని కుదేలు చేసే దాడి 72 గంటలు దాటి సాగడం. ఎమర్జెన్సీ నోట్‌లో ‘ఐదు రోజులుగా తగ్గని మైగ్రేన్’ అని ఉన్నా, ఆ రెండు మాటలు డాక్టర్ రాయకుండా చివరి అంకె 1 కాకూడదు.

మందులే తలనొప్పి తెచ్చినప్పుడు: జి44.4

క్రానిక్ మైగ్రేన్ చార్టుల్లో ఎక్కువగా వదిలేసే కోడ్ ఇది. నొప్పి మాత్రలు అతిగా వాడటం వల్లే తలనొప్పి పెరుగుతూ పోయే స్థితిని మెడికేషన్ ఓవర్‌యూజ్ హెడేక్ అంటారు. ట్రిప్టాన్లు, ఎర్గాట్ మందులు, ఓపియాయిడ్లు, రెండుమూడు మందులు కలిపిన మాత్రలు నెలకు 10 రోజులు, ఆపైన వాడితే ఈ అనుమానం రావాలి. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి విడిగా వాడేవాళ్లకు హద్దు నెలకు 15 రోజులు. అలా మూడు నెలలకు మించి సాగాలి.

దీనికి జి44.40, ఇంట్రాక్టబుల్ అయితే జి44.41. క్రానిక్ మైగ్రేన్ ఉన్నవాళ్లలో ఇది తరచూ కలిసే ఉంటుంది. రెండూ ఉన్నాయని డాక్టర్ రాస్తే రెండూ వేయండి. జి43 కింద జి44 వర్గానికి ఉన్నది ఎక్స్‌క్లూడ్స్2 నోట్, కాబట్టి అడ్డేమీ లేదు. ఎక్స్‌క్లూడ్స్1ను, ఎక్స్‌క్లూడ్స్2ను ఒకటే అనుకుని రెండో కోడ్ తీసేయడం కొత్తగా సీపీసీ (కోడర్ల సర్టిఫికేషన్ పరీక్ష) పాసైనవాళ్లలో బాగా కనిపించే పొరపాటు. 1 అంటే రెండూ కలవవు. 2 అంటే ఇది అందులో భాగం కాదు కానీ రెండూ ఉంటే రెండూ రాయొచ్చు.

జి44.4 తర్వాత ఏ మందు వల్లో చెప్పే టీ కోడ్ రావాలి. అసిటమినోఫెన్, అంటే మన పారాసిటమాల్ అయితే టీ39.1ఎక్స్5ఏ. ఐబుప్రొఫెన్ అయితే టీ39.315ఏ. ఆస్పిరిన్ అయితే టీ39.015ఏ. మిగతావాటిని టేబుల్ ఆఫ్ డ్రగ్స్‌లో అడ్వర్స్ ఎఫెక్ట్ కాలమ్‌లోంచే తీసుకోండి. ఊహించి మొదటి మూడు అంకెలు వేయకండి.

ఇక్కడ ఒక సున్నితమైన మెలిక ఉంది. అడ్వర్స్ ఎఫెక్ట్ అంటే సరిగ్గా రాసిన మందును సరిగ్గా వాడినా వచ్చిన చెడు ఫలితం. డాక్టర్ నెలకు 8 మాత్రలు రాస్తే రోగి తనంతట తాను రెట్టింపు మోతాదు మింగుతున్నాడని చార్టులో ఉంటే అది అడ్వర్స్ ఎఫెక్టా, పాయిజనింగా అన్న ప్రశ్న వస్తుంది. పాయిజనింగ్ అయితే కోడ్ల వరస కూడా మారుతుంది, పాయిజనింగ్ కోడ్ ముందుకొస్తుంది. ఎలా వాడారో చార్టులో స్పష్టంగా లేకపోతే డాక్టర్‌నే అడగండి. జి44.4 దగ్గర నోట్ కూడా ‘వర్తిస్తే’ అనే అంటుంది, తప్పనిసరి అనదు.

జి43.9, ఆర్51.9, జెడ్86.69: వీటికి ఎప్పుడు తగ్గాలి

జి43.909 చెడ్డ కోడ్ కాదు. ప్రైమరీ కేర్ నోట్‌లో ‘మైగ్రేన్, సుమాట్రిప్టాన్ రీఫిల్’ అని మాత్రమే ఉంటే అదే సరైన కోడ్. అయితే న్యూరాలజీ క్లినిక్‌లో, అదీ క్రానిక్ మైగ్రేన్ చికిత్స జరుగుతున్న చార్టులో, అన్‌స్పెసిఫైడ్ కోడ్ కనిపిస్తే డాక్యుమెంటేషన్ లోపమైనా ఉండాలి, కోడర్ అసెస్‌మెంట్ లైను పూర్తిగా చదవకపోయినా ఉండాలి. రోగికి ఇచ్చే చికిత్స ఎంత ఖరీదైతే ఆ లోపానికి మూల్యం అంత పెద్దది.

అవుట్‌పేషెంట్‌లో ‘ప్రాబబుల్ మైగ్రేన్’, ‘మైగ్రేన్ కావచ్చు’, ‘కన్సిస్టెంట్ విత్ మైగ్రేన్’ అని ఉంటే మైగ్రేన్ కోడ్ వేయకూడదని గైడ్‌లైన్స్ నాలుగో సెక్షన్‌లో హెచ్ నిబంధన చెబుతుంది. ఆర్51.9 వేసి, చికిత్స చేసిన లక్షణాలకు వాటి కోడ్లు ఇవ్వాలి. వాంతులు, వికారం రెండూ ఉంటే ఆర్11.2. ఎమర్జెన్సీ విభాగం కూడా అవుట్‌పేషెంటే. ఆసుపత్రిలో ఇన్‌పేషెంట్‌గా చేరి, డిశ్చార్జ్ నాటికి కూడా ‘ప్రాబబుల్’ అనే ఉంటే ఆసుపత్రి ఫెసిలిటీ కోడింగ్‌లో దాన్ని ఉన్నట్టే కోడ్ చేస్తారు. రెండు పనులూ చేసేవాళ్లు ఒక చోటి అలవాటును రెండో చోటికి మోసుకెళ్లకుండా జాగ్రత్తపడాలి.

మైగ్రేన్ నిర్ధారణ అయ్యాక వాంతులు, వికారం, వెలుతురు చూడలేకపోవడం అందులో భాగమే. వాటికి వేరే కోడ్లు పెట్టనక్కర్లేదు. ఆర్51.9 అసలు జి43 పక్కన రాకూడదు, అక్కడ ఎక్స్‌క్లూడ్స్1 ఉంది.

‘హిస్టరీ ఆఫ్ మైగ్రేన్’ అని చూడగానే జెడ్86.69 వేయకండి. అమెరికన్ డాక్టర్లు ఇప్పటికీ ఉన్న జబ్బును కూడా చాలాసార్లు అలాగే రాస్తారు. మందుల జాబితాలో మైగ్రేన్‌కు టోపిరమేటో ప్రొప్రనోలాలో నడుస్తుంటే జబ్బు ఇంకా ఉన్నట్టే కనిపిస్తోంది కదా, అలాంటిచోట తేల్చమని అడగాలి. పూర్తిగా తగ్గి, చికిత్స లేనప్పుడే జెడ్86.69.

చికిత్సను బట్టి బిల్లింగ్: బోటాక్స్, వైయెప్టి

డయాగ్నోసిస్ కోడ్ సరిగ్గా ఎంచుకున్నా ప్రొసీజర్ వైపు తప్పితే డబ్బు రాదు. అమెరికా ఎఫ్‌డీఏ 2010లో బోటాక్స్‌ను క్రానిక్ మైగ్రేన్ నివారణకు ఆమోదించింది. నెలకు 15 లేదా అంతకన్నా ఎక్కువ రోజులు తలనొప్పి ఉండటం, అది రోజుకు 4 గంటలు, ఆపైన సాగడం అన్నది లేబుల్‌లోని షరతు. వర్గీకరణలో లేని ఈ 4 గంటల మాట పేయర్ల పాలసీల్లో తరచూ కనిపిస్తుంది, చార్టుల్లో మాత్రం తరచూ కనిపించదు. ఆథరైజేషన్ (బీమా సంస్థ ముందస్తు అనుమతి) ఆగిపోయే కేసుల్లో మొదట వెతకాల్సింది దీన్నే.

మోతాదు 155 యూనిట్లు, 31 చోట్ల ఇంజెక్షన్, 12 వారాలకోసారి. నోట్‌లో కండరాల వారీగా లెక్క ఉండాలి: కారుగేటర్‌కు 10, ప్రొసీరస్‌కు 5, ఫ్రంటాలిస్‌కు 20, టెంపొరాలిస్‌కు 40, ఆక్సిపిటాలిస్‌కు 30, మెడ వెనక పారాస్పైనల్ కండరాలకు 20, ట్రపీజియస్‌కు 30. కలిపితే 155 రావాలి. డాక్టర్ కింద 155 అని రాసి, పైన కండరాల లెక్క కలిపితే 145 వచ్చే నోట్లు తగులుతూనే ఉంటాయి. క్లెయిమ్ పంపే ముందు ఒక్కసారి కూడి చూడండి.

ప్రొసీజర్ కోడ్ 64615. ఇది రెండు వైపులకూ కలిపిన కోడ్, అందుకే రెండు వైపులా చేశామని చెప్పే 50 మాడిఫయర్ (కోడ్‌కు జత చేసే గుర్తు) పెట్టరు. సెషన్‌కు ఒక్కసారే, 31 యూనిట్లు కాదు. మందుకు జే0585, ఒక్కో యూనిట్‌కు ఒకటి. 200 యూనిట్ల వయల్ తెరిచి 155 ఇస్తే జే0585 ఒక లైనులో 155, వృథా అయిన 45 జేడబ్ల్యూ మాడిఫయర్‌తో రెండో లైనులో. మెడికేర్‌లో 2023 జూలై 1 నుంచి సింగిల్ డోస్ వయల్‌లో వృథా ఏమీ లేనప్పుడు జేజెడ్ మాడిఫయర్ తప్పనిసరి. ఎంత పారేశారో నోట్‌లో రాసి ఉండాలి. లేకపోతే ఆ 45 యూనిట్లకు బిల్ చేసే ఆధారమే లేదు. నొప్పి ఉన్నచోట అదనంగా ఇచ్చే పద్ధతిలో 195 యూనిట్ల వరకు వెళ్లే డాక్టర్లూ ఉన్నారు. అప్పుడు పారేసేది 5 మాత్రమే, 45 అని అలవాటుగా వేయకండి.

మందును స్పెషాలిటీ ఫార్మసీ నేరుగా రోగి పేరున పంపిందా, క్లినిక్ కొన్నదా అన్నది కూడా చూడాలి. ఫార్మసీ పంపితే క్లినిక్ జే0585 బిల్ చేయకూడదు, 64615 ఒక్కటే. ఒకే మందుకు రెండుచోట్ల నుంచి బిల్లు వెళితే అది చిన్న తప్పుగా చూడరు.

12 వారాలంటే 84 రోజులు. 80వ రోజున ఇచ్చిన డోసుకు చాలా పాలసీలు డబ్బు ఇవ్వవు. రెండో ఆథరైజేషన్ అప్పుడు తలనొప్పి రోజులు ఎంత తగ్గాయో అడుగుతారు. మొదటి విజిట్‌లో రోజుల లెక్క రాయకపోతే తగ్గుదలను చూపించడానికి పోల్చుకునేది ఏదీ మిగలదు.

వైయెప్టి అనే ఎప్టినెజుమాబ్ మూడు నెలలకోసారి సెలైన్‌లో కలిపి 30 నిమిషాల్లో ఎక్కిస్తారు. మోతాదు 100 లేదా 300 మిల్లీగ్రాములు. జే3032లో ఒక మిల్లీగ్రాముకు ఒక యూనిట్. అంటే 100 లేదా 300 యూనిట్లు. వయల్ 100 మిల్లీగ్రాములది కాబట్టి వృథా ఉండదు. ఇన్‌ఫ్యూజన్‌కు 96365, మొదలుపెట్టిన, ముగించిన సమయం రెండూ నోట్‌లో ఉండాలి. ‘30 నిమిషాలు’ అని రాస్తే చాలదు. బోటాక్స్ చార్టులో క్రానిక్ అన్న మాట లేకపోతే క్లెయిమ్ పడిపోతుంది. వైయెప్టి ఆమోదం మైగ్రేన్ నివారణకు మొత్తంగా ఉంది కాబట్టి ఇక్కడ తేడా పేయర్ పాలసీని బట్టి ఉంటుంది. రోగి ఇంట్లో తానే వేసుకునే ఎరెనుమాబ్, ఫ్రెమనెజుమాబ్, గాల్కనెజుమాబ్ ఫార్మసీ బెనిఫిట్ కిందికి వెళతాయి. వాటికి క్లినిక్ మందు బిల్లు ఉండదు, కానీ ప్రయర్ ఆథరైజేషన్‌కు అదే డాక్యుమెంటేషన్ కావాలి.

విజిట్ లెవెల్: 99213 లేదా 99214

ముందే అనుకున్న ఇంజెక్షన్ కోసమే రోగి వచ్చి, ఇంజెక్షన్ మాత్రమే జరిగితే విజిట్ కోడ్ ఉండదు. కొత్త సమస్యను చూసి, మందు మార్చి, విడిగా గుర్తించగలిగే పని జరిగితేనే 25 మాడిఫయర్‌తో విజిట్.

మామూలు ఫాలో అప్‌లో 99213 అనే విజిట్ కోడ్ వేసి వదిలేసే చార్టుల్లో చాలావాటికి ఒక మెట్టు పైనున్న 99214 వస్తుంది. కారణం సీపీటీలో (విజిట్లకు, ప్రొసీజర్లకు అమెరికాలో వాడే కోడ్ల పుస్తకం) ‘స్టేబుల్’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం. చికిత్స లక్ష్యం చేరకపోతే, జబ్బు ముందున్నట్టే ఉన్నా అది స్టేబుల్ కాదు. నెలకు ఇంకా 16 రోజులు తలనొప్పి ఉందని, లక్ష్యం చేరలేదని నోట్ చెబితే సమస్య మోడరేట్ స్థాయి. దానికి టోపిరమేట్ మోతాదు పెంచితే ప్రిస్క్రిప్షన్ డ్రగ్ మేనేజ్‌మెంట్, అదీ మోడరేటే. విజిట్ స్థాయిని తేల్చే మూడు అంశాల్లో రెండు కుదిరాయి. డాక్టర్ ‘స్టేబుల్, కంటిన్యూ’ అని అలవాటుగా రాసేస్తే మాత్రం అంత పని చేసినా 99213 దగ్గరే ఆగొచ్చు.

డాక్టర్‌కు పంపే మాట, డాక్టర్ రాయాల్సిన మాట

క్వెరీలో సమాధానం మీరు చెప్పేయకూడదు. మెడికల్ రికార్డుల రంగంలోని అమెరికా సంస్థలు అహిమా, ఏసీడీఐఎస్ కలిసి విడుదల చేసిన క్వెరీ మార్గదర్శకాల్లో అసలు విషయం ఇదే. ‘క్రానిక్ ఇంట్రాక్టబుల్ మైగ్రేన్ అని రాయగలరా?’ అని అడగడం నడిపించే ప్రశ్న. దానికి బదులు చార్టులో ఉన్నది ఉన్నట్టు ఎత్తిచూపండి: ‘ఫలానా తేదీ నోట్‌లో నెలకు 18 తలనొప్పి రోజులు, నాలుగు నెలలుగా, అందులో 11 రోజులు వాంతులతో ఉన్నాయని ఉంది. టోపిరమేట్, ప్రొప్రనోలాల్ ఆపేశారు. రోగి తలనొప్పి రకాన్ని స్పష్టం చేయండి.’ కింద ఎపిసోడిక్ మైగ్రేన్, క్రానిక్ మైగ్రేన్, ఇతర నిర్ధారణ, చెప్పలేం అనే ఎంపికలు ఇవ్వండి. డబ్బు ప్రస్తావన అసలు రాకూడదు.

డాక్టర్లకు పంపే సలహా మాత్రం పొడుగ్గా ఉండకపోతే మంచిది. నిజంగా పనికొచ్చే నోట్ ఇలా ఉంటుంది: ‘క్రానిక్ మైగ్రేన్ వితౌట్ ఆరా, ఇంట్రాక్టబుల్, స్టేటస్ మైగ్రెనోసస్ లేదు. గత మూడు నెలల్లో సగటున నెలకు 18 తలనొప్పి రోజులు, ఒక్కోటి 4 గంటలకు పైనే, 11 రోజులు మైగ్రేన్ లక్షణాలతో. రిజట్రిప్టాన్ నెలకు 7 రోజులు, ఓవర్‌యూజ్ లేదు. ప్రొప్రనోలాల్ రోజుకు 80 మిల్లీగ్రాములు మూడు నెలలు, ఫలితం లేదు. టోపిరమేట్ 100 మిల్లీగ్రాములు, చేతులు తిమ్మిర్లెక్కి ఆపారు.’ ఇందులో ప్రతి ముక్కకూ పని ఉంది. మొదటి వాక్యం ఆరు అంకెలనూ ఇస్తుంది, రెండోది ఆథరైజేషన్‌కు, మూడోది జి44.4 ఉందా లేదా తేల్చడానికి, చివరివి స్టెప్ థెరపీకి (ముందు వేరే మందులు వాడి చూడాలన్న పేయర్ షరతుకు). మందు పేరు రాసి మోతాదు, ఎన్నాళ్లు, ఎందుకు ఆపారు అన్నవి వదిలేస్తే పేయర్ దాన్ని వాడి చూసినట్టు లెక్కలోకి తీసుకోకపోవచ్చు.

తేదీ, దేశం చూసుకోండి

కోడ్‌ను నిర్ణయించేది సర్వీస్ జరిగిన తేదీ, మీరు చార్టు తెరిచిన రోజు కాదు. కొత్త కోడ్లు ఏటా అక్టోబర్ 1న అమల్లోకి వస్తాయి. 2023 సెప్టెంబర్ విజిట్‌కు తర్వాతెప్పుడో కరెక్టెడ్ క్లెయిమ్ పంపుతున్నా జి43.ఇ వేయడానికి వీల్లేదు. పాత అప్పీళ్లు చూసేవాళ్లు ఎన్‌కోడర్‌లో (కోడ్లు వెతికే సాఫ్ట్‌వేర్) తేదీ మార్చుకున్నాకే వెతకాలి.

అమెరికా చార్టుల నుంచి మన ఆసుపత్రుల కోడింగ్‌కు మారేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10లో ఈ ఆరు అంకెల వ్యవహారం లేదు. జి43.0, జి43.1 ఉన్నాయి, స్టేటస్ మైగ్రెనోసస్‌కు జి43.2, కాంప్లికేటెడ్ మైగ్రేన్‌కు జి43.3, అన్‌స్పెసిఫైడ్‌కు జి43.9 ఉన్నాయి. క్రానిక్ మైగ్రేన్‌కు సొంత కోడ్ లేదు. జి43.2, జి43.3 అమెరికా కూర్పులో లేవు, జి43.7, జి43.ఇ ప్రపంచ ఆరోగ్య సంస్థ కూర్పులో లేవు. ఐసీడీ-11లో మాత్రం క్రానిక్ మైగ్రేన్‌కు 8ఏ80.2 అని విడిగా చోటు దక్కింది. ఏ కూర్పులో కోడ్ అడుగుతున్నారో తెలుసుకున్నాకే పుస్తకం తెరవండి.